పరంగి వ్రాతగాండ్రు చూచిన రాయలనాటి భోజనము

మా బళ్ళారి స్టేషనులో అమరావతి ఎక్స్‌ప్రెస్ నిలుచును. పడమటికి పోవునప్పుడు ఆ బండి పెట్టెలకు తగిలించిన పలకమీద గమ్యస్థానము 'వాస్కోడగామా' అని వ్రాసియుండును. గోవాలో రైలుదారి ముగియు ఊరి పేరది. 1498 లో కాలికట్టు తీరము చేరిన పోర్చుగీసు నావికుని పేరు మా ప్లాటుఫారముమీద వేరుశనగకాయలమ్ము కుర్రవాని నోట కూడ నానుచుండుట విచిత్రమే గాని, విచిత్రమని తలచువా రెవ్వరును లేరు. నేనును తలచినవాడను గాను. కచేరిలో గుమాస్తాగా పని చేసినన్నాళ్ళు ఆ బండి నాకు వేళ తెలుపు గడియారము మాత్రమే. ఉద్యోగము విరమించిన పిదపనే ఆ దారి యెంత పాతదో తెలిసికొనుటకు తీరిక చిక్కినది.

దానికి కారణ మొక చిన్న సంగతి. కొన్ని యేండ్ల క్రిందట ఒక ఉత్సవములో బడిపిల్లలు రాయల సభను ప్రదర్శించిరి. అందు తెనాలి రామకృష్ణుడు రాయలవారికి మిరపకాయ బజ్జీలు తినిపించి కన్నీరు పెట్టించు ఘట్టమొకటి కలదు. సభ యంతయు గొల్లుమని నవ్వినది. నేనును నవ్వితిని. ప్రదర్శనమైన పిమ్మట నిర్వాహకుని చెంతకు పోయి, "అయ్యా, రాయల కాలమున మన దేశములో మిరపకాయ లేదందురు గదా" యని నెమ్మదిగా నంటిని. ఆయన నన్ను ఎగాదిగ చూచి, "మిరపకాయ లేనిదే బళ్ళారి యెక్కడిదండీ?" అనెను. చుట్టునున్నవారు మరల నవ్విరి. ఉగ్గానియు బజ్జీయు లేక తెల్లవారని యూరిలో అట్టి ప్రశ్నకు సమాధాన మేమి చెప్పుదును? కాని ఆ మాట నన్ను విడువలేదు. రాయలవారు ఏమి తినిరి? ఆయన ప్రజ లేమి తినిరి? ఎవరు చూచిరి, ఎవరు వ్రాసి పెట్టిరి?

మనవారు వ్రాయలేదా యన్నచో, వ్రాసిరి. శాసనములలో దేవునికి నడువవలసిన నైవేద్యముల కొలతలు కలవు. కావ్యములలో విందులు కలవు. అయితే సంతలో కోడి వెల యెంత, ద్రాక్షగుత్తి వెల యెంత, ఊరి గుమ్మము దగ్గర ఎద్దునకు సుంకమెంత యను విషయములు కవికి అల్పములుగా తోచును. పుట్టినది మొదలు చూచుచున్న సంతను ఎవరు వర్ణింతురు? దానిని క్రొత్త కంటితో చూచి, వెలలు సహా వ్రాసిపెట్టుటకు పరదేశి కావలసివచ్చెను.

ఆ పరదేశులలో ముఖ్యు లిద్దరు. 1520 ప్రాంతమున కృష్ణరాయల నగరమును చూచిన డొమింగో పాయెస్ ఒకడు. 1535 తరువాత అచ్యుతరాయల కాలమున అక్కడ నుండిన ఫెర్నావు నూనిజ్ రెండవవాడు. నూనిజ్ గుఱ్ఱముల వర్తకుడు. పాయెస్ క్రిష్టోవావు ద ఫిగైరెదు అను వానితో కూడ వచ్చినవాడు. ఇద్దరిలో నెవ్వడును ఆస్థాన చరిత్రకారుడు కాడు. వ్రాతకు జీతము పుచ్చుకొన్నవాడును కాడు. వర్తకపు పనిమీద వచ్చి, చూచినది చూచినట్లు, విన్నది విన్నట్లు వ్రాసి గోవాకు పంపిరి. వారి వ్రాతలు పారిసు నగరపు జాతీయ గ్రంథాలయములో మరుగుపడియుండగా 1897 లో డేవిడ్ లోపెస్ అను పండితుడు లిస్బనులో అచ్చు వేయించెను. మద్రాసు సివిలు సర్వీసులో నుండిన రాబర్టు సూయెల్ వాని నింగ్లీషు చేసి 1900 లో తన 'ఎ ఫర్గాటెన్ ఎంపైర్' గ్రంథములో చేర్చెను. సుమారు 380 ఏండ్లు మన యూరి సంగతి మన కంటబడకుండ పరాయి దేశపు బీరువాలో నుండెనన్నమాట. నేను చదివినది సూయెల్‌గారి యింగ్లీషే. మెట్రిక్యులేషను చదువుతో, పక్క నొక నిఘంటువు పెట్టుకొని, రెండు వర్షాకాలములు పట్టినది.

వీరిని మన దేశమునకు ఈడ్చినది గుఱ్ఱము. మన నేలలో మేలుజాతి యుద్ధాశ్వములు పెరుగవు. అరబ్బు పారశీక దేశములనుండి ఓడలలో రావలసినదే. 1510 లో గోవా పోర్చుగీసువారి వశమైనది మొదలు ఆ వ్యాపారము వారి గుప్పిటిలోనికి పోయినది. రాయలు ఏటేట 13,000 ఓర్ముజు గుఱ్ఱములను కొనెడివాడని నూనిజ్ చెప్పును. అంతకు ముందు సాళువ నరసింహుడు, ఓడలో చచ్చిన గుఱ్ఱమునకు సయితము తోక తెచ్చి చూపినచో వెల యిచ్చెడివాడట. తోకయే రసీదు! ఈ గుఱ్ఱముల వెంట గోవానుండియు భట్కళు నుండియు కొండలెక్కి వచ్చినవారే మన వ్రాతగాండ్రు. మా కాలమున మా ప్రాంతపు ఇనుపరాయి రైలులో మర్మగోవా రేవునకు దిగెడిది. నాడు గుఱ్ఱములు ఎదురుదారిన ఎక్కి వచ్చెను.

ఇక సంతకు వత్తము. పాయెస్ కొండమీదనుండి నగరమును చూచి రోమంత పెద్దదనెను. ఆ మాటను మన ఉపన్యాసకులు వదలకుండ చెప్పుదురు. నాకంతకంటె మేలుగా తోచినది వేరొక మాట. సరుకుల సమృద్ధిలో లోకమున దీనిని మించిన నగరము లేదని యాత డనెను. అని యూరకుండలేదు, జాబితా వ్రాసెను. బియ్యము, గోధుమలు, శనగలు, పెసలు, ఉలవలు, కొద్దిగా యవలు, మనుష్యులు తిను ఇతర ధాన్యములు. గోధుమ యితర ధాన్యములంత విరివిగా లేదనియు, తురకలు తప్ప తినువారు లేరనియు కారణము కూడ వ్రాసెను. దినమునకు ఎన్ని బండ్ల నిమ్మకాయలు వచ్చునో చూచి, తన దేశపు నిమ్మతోటలు వీని ముందు లెక్కకు రావనెను. తీపి నారింజలు, పులుపు నారింజలు, వంకాయలు, ఇతర కాయగూరలు చూచువానికి దిమ్మ తిరుగునట్లు కుప్పలు పడియుండెనట. శుక్రవారము సంతలో పందులు, కోళ్ళు, వానితోపాటు సముద్రపు ఎండుచేపలు. సముద్రము మాకు ఆమడల దూరము. ఆ యెండుచేప పడమటి కనుమల నెక్కి వచ్చి తుంగభద్ర యొడ్డున అమ్ముడుపోయినది. ఒక్క వాక్యములో వాణిజ్యపు దారి యంతయు ఉన్నది.

వెలలు వ్రాయుటలో వీరిద్దరును నాకు సహోద్యోగులవలె కనబడుదురు. ఒక చిన్న నాణెమునకు నగరములో మూడు కోళ్ళు, నగరము వెలుపల నాలుగు. పణమునకు మూడు ద్రాక్షగుత్తులు, లేదా పది దానిమ్మపండ్లు. నూనిజ్ కాలమున ఒక వరహాకు పండ్రెండు బ్రతికియున్న గొఱ్ఱెలు. కొండ ప్రాంతములలో పదునాలుగు, పదునైదు. లోపల మూడు, వెలుపల నాలుగు అను ఆ కోళ్ళ లెక్క దగ్గర నేను చాలసేపు ఆగితిని. ఆ నాలుగవ కోడి యెక్కడికి పోయినది? దానికి సమాధానము నూనిజ్ వ్రాతలో దొరకినది. నగరపు ద్వార మొకటి ఏటికి 12,000 వరహాలకు గుత్తకియ్యబడి యుండెను. గుత్తదారు అడిగినది చెల్లింపక పరదేశిగాని పల్లెవాడుగాని లోనికి పోరాదు. నగరములో పండునది యేమియు లేదు. సమస్తము పెరికె యెద్దులమీద బయటినుండి రావలసినదే. దినమునకు 2,000 ఎద్దులు గుమ్మములు దాటెడివి. ఒక్కొక్క యెద్దుకు మూడు వింతెముల సుంకము. ఆ నాలుగవ కోడిని గుమ్మము తినివేసినదని నా యూహ. అంతకంటె ముచ్చటైన దేమనగా, కొమ్ములు లేని బోడియెద్దుకు రాజ్యములో నెక్కడను సుంకము లేదట! ఎందుకో నూనిజ్ చెప్పలేదు. మినహాయింపు అను దానికి కారణము దస్త్రములో నుండదని నలుబది యేండ్ల నౌకరీలో నేనును ఎఱుగుదును.

పాయెస్ జాబితాను ఇంగ్లీషులో చదువువారికి ఒక చిక్కు కలదు. అందు 'ఇండియన్ కార్న్' అను మాట యున్నది. నేటి యింగ్లీషులో దానికి మొక్కజొన్న యని యర్థము. మొక్కజొన్న అమెరికా పంట. 1520 నాటికే అది తుంగభద్ర తీరమున విరివిగా పండి, సామాన్యుల యన్నమైనదని నమ్మవలసివచ్చును! పోర్చుగీసు భాషలో 'మిల్యు' అను పేరు మొదట చిరుధాన్యమునకు చెల్లెడిది. అమెరికానుండి క్రొత్త ధాన్యము వచ్చిన తరువాత ఆ పేరు దానికంటినది. కాబట్టి పాయెస్ చూచినది మన జొన్నయే యని నా నిశ్చయము. బళ్ళారి నల్లరేగడిలో నిలిచిన జొన్నచేను, ప్రక్కనే అంతులేని ప్రత్తి. ప్రత్తిని గూర్చియు ఆయన వ్రాసెను. బళ్ళారినుండి సిరుగుప్ప పోవు దారిలో కనబడు నేల అది. గొప్ప నగరము ఆ జొన్నరొట్టె మీదనే నిలిచినదని ఏ రాతిరథము చెప్పును?

రాజుగారి పళ్ళెమును గూర్చి కూడ చెప్పవలెను. పాయెస్ వ్రాసిన దానిబట్టి కృష్ణరాయలు తెల్లవారక మునుపే ముప్పాతిక పైంటు నువ్వులనూనె త్రాగి, ఒంటికి అదే నూనె పట్టించుకొని, బరువులెత్తి, త్రాగిన నూనె యంతయు చెమటగా దిగువరకు కత్తి సాము చేసి, కుస్తీ పట్టి, పిదప గుఱ్ఱమెక్కెడివాడట. నువ్వులనూనె యంతటి గౌరవము మఱి యే నూనెకును దక్కలేదు. ఫిగైరెదు బృందము వచ్చినప్పుడు రాయలు వారి బసకు గొఱ్ఱెలను, కోళ్ళను, నేతి కుండలను, తేనె కుండలను పంపెను. ఆయన వానిని వెంటవచ్చిన వారికెల్ల పంచి పెట్టెను. అచ్యుతరాయల భోజనమును గూర్చి నూనిజ్ చెప్పునది వేరు విధము. మూడు కాళ్ళ గుండ్రని బంగారు పీట, దానిమీద రత్నములు తాపిన బంగారు గిన్నెలు. త్రాగునీరు ఒక ఊటనుండి మాత్రమే. నమ్మిన వానిచేత మూత పెట్టించి ముద్ర వేయించి తేవలెను. బంగారు గిన్నెలో తినుచు, నీటిని నమ్మలేని బ్రతుకు. నాకు మాత్రము ఆయన మీద జాలి కలిగినది.

ఇదే నూనిజ్, ఈ రాజులు గోమాంసము తప్ప సమస్తము తిందురనియు, పిచ్చుకలు, ఎలుకలు, పిల్లులు, బల్లులు కూడ అందు చేరుననియు, అవన్నియు సంతలో బ్రతికియుండగనే అమ్మబడుననియు వ్రాసెను. ఈ వాక్యము చదివి కోపించినవారిని నేనెఱుగుదును. కోపము వలదు. గొఱ్ఱె, జింక, కౌజు, కుందేలు, పావురము అన్నంతవరకు సందేహింప బనిలేదు. తక్కినది సంతలో చూచిన దానిని రాజు పళ్ళెములోనికి ఎక్కించుటవలన వచ్చిన పొరపాటని తలచెదను. సంతలో వేటగాండ్రు అమ్మియుందురు, కొనువారు కొనియుందురు; వారును రాయల ప్రజయే. రాజభోజనమును నూనిజ్ దగ్గర కూర్చుండి చూచియుండునని నమ్ముటకు వీలులేదు. అంతఃపురపు వడ్డన స్త్రీలది. కాని సంతను కండ్లార చూచినాడు. వ్రాతగానిని ఎక్కడ నమ్మవలెను, ఎక్కడ నమ్మరాదు అనునది అతడెక్కడ నిలుచుండి చూచెనో దానిబట్టి నిర్ణయింపవలెను.

సరే, ఇన్ని సరుకులలో మిరపకాయ యెక్కడ? లేదు. జాబితాలో లేనంత మాత్రమున సరుకే లేదనరాదు; గుమాస్తా మరచియుండవచ్చును. అందుచేత రెండవ సాక్షి కావలెను. ఆ సాక్షి రాయలవారే. ఆముక్తమాల్యద ప్రథమాశ్వాసములో విష్ణుచిత్తుడు అతిథులకు ఋతువునుబట్టి పెట్టు భోజనములను రాయలు వర్ణించెను. వానకాలమునకు ఒక విధము, ఎండకాలమునకు చలువచేయు మఱియొక విధము, చలికాలమునకు వేడి పుట్టించునవి. చలికాలపు విస్తరిలో కూరలకు కారము మిరియపు పొడివలన వచ్చినది. ముక్కున కెక్కు ఘాటు ఆవపచ్చడివలన వచ్చినది. వంటను అంత ప్రేమించి, అంత నిశితముగా చూచిన కవిరాజు పచ్చిమిరపకాయను చూచియున్నచో విడిచిపెట్టునా? పరదేశి జాబితాలో లేదు, స్వదేశి కావ్యములో లేదు. ఇద్దరు సాక్షులు ఏకమైనారు. నాటకపు నిర్వాహకునికి నేను చెప్పవలసిన సమాధానమిది. కొన్ని యేండ్లు ఆలస్యమైనది.

మిరప అమెరికా ఖండపు మొక్క. 1492 లో కొలంబసు ఆ ఖండమును చేరిన పిమ్మటనే తక్కిన లోకమునకు తెలిసినది. 1500 లో కబ్రాలు నాయకత్వమున ఇండియాకు బయలుదేరిన పోర్చుగీసు ఓడలు దారిలో బ్రెజిలు తీరమును తాకి, ఆ యేడే కాలికట్టు చేరెను. ఆనాటినుండి బ్రెజిలును గోవాయును ఒకే యోడదారి యిరుగుపొరుగులైనవి. మిరప, జీడిమామిడి, అనాస, బొప్పాయి, జామ, సీతాఫలము, పొగాకు అన్నియు 16వ శతాబ్దములోను దాని తరువాతను పోర్చుగీసు రాకపోకల వెంట మన నేలకు దిగినవి. సీతమ్మవారి పేరు పెట్టుకొన్న పండు కూడ సముద్రము దాటి వచ్చినదే యన్నచో మా యింటి యాడువారు నమ్మరు.

క్రొత్తగా వచ్చినదానికి మనవారు పేరు పెట్టు పద్ధతి చూడదగినది. కారముగా నుండు ఈ కాయ మన మిరియమునకు చుట్టమనుకొని మిరపకాయ యనిరి. మా కన్నడ సోదరులకు మిరియము 'మెణసు', క్రొత్తది 'మెణసినకాయి'. జొన్నకు చుట్టమనుకొని మొక్కజొన్న యనిరి. పోర్చుగీసువారు తమ 'మిల్యు'ను దానికి ధారపోసినట్లే! పాతవాని యింటిపేరు క్రొత్తవాని కిచ్చి చేర్చుకొనుట అన్ని దేశములవారికిని తెలిసిన మర్యాద వలె నున్నది. బొప్పాయి, అనాస మాత్రము తమ పేర్లు తామే తెచ్చుకొన్నవి. కన్నడములో బొప్పాయి 'పరంగి హణ్ణు'. అనగా ఫిరంగివాని పండు. ఆ పేరులో వచ్చినవాడెవడో దాపరికము లేకుండ నున్నది.

మాటలు కూడ వచ్చినవి. తువ్వాలు, బొత్తాము, ఇస్తిరి, పీపా, మేస్త్రీ, పాదిరి, ఆయా. వీనిని పండితులు ఎన్నడో లెక్కవేసిరి గనుక విస్తరింపను. నా నౌకరీకి సంబంధించిన మూడింటిని మాత్రము చెప్పెదను. దస్త్రములు పెట్టు అలమార పోర్చుగీసు మాట. బాకీదారుల సొత్తుకు నేను వ్రాసిన నోటీసులలోని వేలము పోర్చుగీసు మాట. నెల మొదట చేతికి వచ్చునది మా కన్నడ మిత్రుల నోట 'పగార', అదియు పోర్చుగీసుమాటయే. తెలుగువాడను, 1953 అక్టోబరు 1 న మైసూరులో చేరిన జిల్లాలో పుట్టి, కన్నడ కచేరిలో, ఇంగ్లీషు ఫారములు నింపుచు, పోర్చుగీసు పేరుగల జీతము తీసికొన్నాను!

ఇచ్చుట ఒక ప్రక్క, పుచ్చుకొనుట ఒక ప్రక్క జరిగినది. మామిడిపండునకు పోర్చుగీసు పేరు 'మాంగ', పనసకు 'జాక', తమలపాకునకు 'బేతెల'. మూడును మన దక్షిణపు మాటలనుండి పోయినవే. అన్నిటికంటె నన్ను ఆశ్చర్యపరచినది గంజి. పోర్చుగలులో నేటికిని జబ్బుపడి లేచినవానికి కోడిని ఉడికించిన నీటిలో బియ్యము వేసి కాచి యిత్తురు. దాని పేరు 'కాంజ'. మన దక్షిణ దేశపు 'కంజి'యే, మన గంజియే. వారు కోడిని కలిపిరి. పేరును మాత్రము ఉంచుకొనిరి. ఏ నావికుడో ఈ తీరమున జ్వరపడి, ఎవరి యింటి గంజియో త్రాగి బ్రతికి, ఆ పేరును ఇంటికి మోసికొనిపోయియుండునని నేను ఊహించుకొందును. ఇది చరిత్ర కాదు, నా ఊహ మాత్రమే.

1565 లో నగరము కూలినది. గుఱ్ఱములు కొనువాడు లేక గోవా వ్యాపారము కూడ దెబ్బతినెను. పోర్చుగీసువారు గోవాను 1961 డిసెంబరు వరకు పట్టుకొని కూర్చుండిరి, అదియు ముగిసెను. హంపి మా బళ్ళారి జిల్లాలో నుండెడిది. 2021 లో విజయనగర జిల్లా వేరుపడినప్పుడు అందులోనికి పోయినది. మిరప మాత్రము పోలేదు. తుంగభద్ర కాలువ క్రింద మా రైతులు పండించి బ్యాడగి మార్కెట్టుకు తోలుకొనిపోవుచున్నారు.

ఇంత చదివిన తరువాత నాకు తెలిసిన దేమనగా, రాయలనాటి విస్తరిని చూచుటకు నేను పారిసు గ్రంథాలయము వరకు పోనక్కర లేకపోయెను. ఏటికొకమారు అది మా యింటనే పడుచున్నది. మా తల్లిగారి తద్దినమునాడు మా వంటయింటిలోనికి మిరపకాయ రాదు. కారమునకు మిరియము, జీలకఱ్ఱ, అల్లము. బంగాళాదుంప, టమాట, క్యాబేజి, బొప్పాయి నిషిద్ధములు. అరటికాయ, కంద, చేమ, కాకర, పెసరపప్పు, మినపగారె, నువ్వులు, బెల్లము, పెరుగు. ఎందుకని చిన్నప్పుడు మా అవ్వ నడిగితిని. "పెద్దలు తినరురా" యనెను. ఎంత సరియైన సమాధానము! ఆ పెద్దలు నిజముగా తినలేదు. వారికి అవి తెలియవు. తరువాత తెలిసినవారు తాము తినిరి గాని పెద్దల విస్తరిలో వేయుటకు సాహసింపలేదు. మా అవ్వకు అక్షరము రాదు. పాయెస్ పేరు వినలేదు. ఆయన జాబితాయు ఆమె విస్తరియు ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో, నా చేతిలో రెండు దస్త్రములున్నవి, రెండును సరిపోవుచున్నవి.

మా కోడలు గుంటూరు పిల్ల. మొదటి యేడు తద్దినపు వంట చూచి, "మామయ్యగారూ, ఎండుమిరపకాయ లేకుండా చారేమిటండీ? అత్తయ్యగారు లేని యింట్లో నాకు ఇవన్నీ గుర్తుండవు. వంటవాళ్ళకు చెప్పేస్తే వాళ్ళే చేసి పంపుతారు గదా" యనెను. తప్పేమియు లేదు. ఆమెకు ఉద్యోగము కలదు, ఇద్దరు పిల్లలు కలరు. మరుసటి యేడు అట్లే చేసితిమి. వంటవారు పంపిన గిన్నె మూత తీయగా చారుమీద రెండు ఎండుమిరపకాయలు తేలుచుండెను. బ్రాహ్మణులు చూడలేదు, చూచినను ఏమియు ననలేదు. నేను అంత నిష్ఠాపరుడను కాను. అయినను ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కాలపరిమితి తీరిన దస్త్రములని వ్రాసి, రికార్డు గదినుండి కట్టలు కట్టలుగా తీసి తగులబెట్టించు పని నేను నౌకరీలో చేసినవాడను. అప్పు డేనాడును కలుగని బాధ ఆ రెండు మిరపకాయలను చూచినప్పుడు కలిగినది.

ఈ సంగతి కోడలితో చెప్పితిని. పాయెస్ సంత, రాయల చలికాలపు విస్తరి, ఓడదారి, అన్నియు చెప్పితిని. తద్దినమునాడు పెద్దలకు పెట్టునది రాయలనాటి భోజనమనగానే ఆమె కండ్లు పెద్దవి చేసికొని వినెను. "ఇది ముందే చెప్పియుంటే..." అని మాత్రమనెను. నిజమే. నాకు ముందే తెలిసియుంటే!

తరువాతి యేడు ఆమె ఒక నోటుపుస్తకము తెచ్చి నా యెదుట కూర్చుండి, "చెప్పండి మామయ్యగారూ, ఏవి వెయ్యాలి, ఏవి వెయ్యకూడదు" అని వ్రాసికొనుటకు ఆరంభించెను. నేను ఒక్కొక్కటే చెప్పుచు వచ్చితిని. చిలగడదుంప దగ్గర ఆగితిని. మా యింట అది తద్దినమునకును కలదు, ఉపవాసమునకును కలదు. మా అవ్వ చేతిమీదుగా వచ్చినదే. కాని అదియు అమెరికా దుంపయే. ఏ తరములో ఎవరి కన్నుగప్పి లోపలికి దూరినదో తెలియదు. సుంకము లేని బోడియెద్దు జ్ఞాపకము వచ్చినది. కోడలు కలము పట్టుకొని చూచుచున్నది. "వ్రాయి, తల్లీ" అంటిని. ఆమె జాబితా అడుగున 'చిలగడదుంప' అని వ్రాసి, ప్రక్కన 'మామయ్యగారి మినహాయింపు' అని గుర్తు పెట్టెను.